ముదిమికి ఊత

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుని కథ ఉంది. వేదాధ్యయనం మీది మక్కువతో అతడు ముసలివారైన తల్లిదండ్రులను విడిచి, వారి అనుమతి కూడా తీసుకోకుండా ఇల్లు వదలిపోయాడు. తపస్సు చేశాడు. తనపై రెట్ట వేసిన కొంగను ఒక్క చూపుతో నేలకూల్చగలిగినంత శక్తి సంపాదించాడు. అంత చేసినా ధర్మం ఏమిటో అతనికి బోధపడలేదు. ఒక గృహిణి మాట విని మిథిలానగరానికి వెళ్ళి, మాంసం అమ్ముకొని జీవించే ధర్మవ్యాధుని ఆశ్రయించాడు. ధర్మవ్యాధుడు అతనికి ఎన్నో విషయాలు బోధించి, చివరకు తన ఇంటికి తీసుకొనిపోయి, తాను కొలిచే దైవాలు వీరేనంటూ వృద్ధులైన తన తల్లిదండ్రులను చూపించాడు. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కౌశికుని తల్లిదండ్రులు చూపు పోగొట్టుకొన్నారని, ముందు వెళ్ళి వారిని ఆదరించమని చెప్పి పంపాడు. తెలుగు భారతంలో ఈ ఉపాఖ్యానం ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలో కనిపిస్తుంది.

కౌశికుడు తిరిగి వెళ్ళాడు కాబట్టి కథ సుఖాంతమైంది. అతడు వెళ్ళకపోయి ఉంటే చూపులేని ఆ ముసలివారి గతి ఏమిటి? కథ ఈ ప్రశ్న వేయలేదు. ప్రాచీన సాహిత్యంలో వృద్ధులకు కొడుకే దిక్కు. కొడుకు లేకుంటే బంధువులు, వారూ లేకుంటే ఊరు. ఆనాడు మాత్రం ఆదరణకు నోచుకోని ముసలివారు లేకపోలేదు. వారి గురించి కావ్యాలు రాసినవారు తక్కువ, అంతే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు నిండినవారు దాదాపు 10.4 కోట్ల మంది. కౌశికుడు వేదం కోసం ఇల్లు విడిచాడు. నేటి యువకుడు ఉద్యోగం కోసం హైదరాబాదుకో, బెంగుళూరుకో, గల్ఫు దేశాలకో, అమెరికాకో వెళుతున్నాడు. వెళ్ళినవారందరూ నిర్దయులు కారు. నెలనెలా డబ్బు పంపేవారున్నారు, రోజూ ఫోనులో పలకరించేవారున్నారు. అయితే జ్వరం వచ్చిన రాత్రి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళే మనిషి ఫోనులోనుంచి రాడు. ఇక పొట్టకూటికి వలసపోయిన కూలీల ఇండ్లలో మిగిలిపోయిన ముసలివారికి ఆ డబ్బు కూడా అందదు.

కొడుకు రాకపోతే ఏమిటన్న ప్రశ్నకు భారత రాజ్యాంగం తనదైన సమాధానం చెప్పింది. నిరుద్యోగం, వార్ధక్యం, వ్యాధి, అంగవైకల్యం వంటి సందర్భాలలో ప్రజలకు సహాయం అందేలా రాజ్యం తన ఆర్థిక సామర్థ్యానికి లోబడి ఏర్పాట్లు చేయాలని 41వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆదేశిక సూత్రం కావడం వల్ల దానిని చూపించి ఎవరూ కోర్టులో దావా వేయలేరు. అయినప్పటికీ తర్వాత వచ్చిన పథకాలకూ, చట్టాలకూ అదే బీజం. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైంది. 1999లో వయోవృద్ధుల జాతీయ విధానం వెలువడింది. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దయగలవారు ఇస్తే పుచ్చుకొనే స్థితినుంచి, అడిగి తీసుకొనే స్థితికి వృద్ధులు చేరుకొన్న దారి ఇది.

అడగడానికి మాత్రం ఎక్కడ అడగాలో తెలియాలి. పింఛను ఒక కార్యాలయంలో, వైద్యం కార్డు మరొకచోట, పోషణభృతి రెవెన్యూ అధికారి వద్ద, చేతికర్ర ఇంకొక శాఖ శిబిరంలో ఉంటాయి. ఒక గుమ్మంలో ఉన్నవారికి పక్క గుమ్మం సంగతి తెలియదు. చదువు రానివారికి, చూపు మందగించినవారికి ఈ గుమ్మాల మధ్య దూరం మైళ్ళలో కొలిచేది కాదు.

పల్నాడులోని ఒక పల్లెలో డెబ్బై రెండేళ్ళ ముదుసలిని ఊహించుకోవచ్చు. మూడేళ్ళ క్రితం భర్త పోయాడు. పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన ఎకరం పొలాన్ని ఆరేళ్ళ క్రితం చిన్నకొడుకు పేర దానపత్రం రాసి, వేలిముద్ర వేసింది. పెద్దకొడుకు హైదరాబాదులో ఉద్యోగం. చిన్నకొడుకు ఊళ్ళోనే వేరుకాపురం. పొలం తీసుకొన్నవాడు చూసుకోవాలని పెద్దవాడు, ఉద్యోగం ఉన్నవాడు చూసుకోవాలని చిన్నవాడు వాదులాడుకొంటున్నారు. కంటిలో శుక్లాలు ముదిరి ఎదుటి మనిషి ఆనవాలు పట్టలేకపోతున్నది. ఇటువంటి ముదుసలి లేని ఊరు తెలుగునాట అరుదు. ఆమెకు హక్కుగా దక్కవలసినవి కనీసం నాలుగైదు ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. పక్కింట్లో ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయి ఉన్నదనుకొంటే, ఈ కథ వేరుగా నడుస్తుంది.

ఆ అమ్మాయికి మొదట ఎదురయ్యే చిక్కు ముసలమ్మది కాదు, చనిపోయిన ముసలాయనది. ఆయన మరణం నమోదు కాలేదు. వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువపత్రం అడుగుతారు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, దహనమో ఖననమో అయిపోయాక పంచాయతీకి వెళ్ళి రాయించాలన్న స్పృహ పల్లెల్లో ఇప్పటికీ అంతంతమాత్రమే. ఇరవై ఒక్క రోజులలోపు చెబితే రుసుము లేకుండా నమోదవుతుంది. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వస్తుంది. పది నిమిషాల పని కొన్ని నెలల ప్రయాస అవుతుంది. దుఃఖంలో ఉన్న ఇంట కాగితాల మాట ఎత్తడం అమంగళంగా తోస్తుంది కాని, ఆ మాట ఎత్తగలిగినవాడే ఆ ఇంటికి నిజమైన ఆప్తుడు.

వితంతు పింఛను చిక్కుపడినా ఆమెకు వృద్ధాప్య పింఛను దారి తెరిచే ఉంది. ఈ పింఛను చరిత్ర గమనింపదగినది. 1995లో కేంద్రం అరవై ఐదేళ్ళు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలతో మొదలుపెట్టింది. 2011లో వయోపరిమితిని అరవై ఏళ్ళకు తగ్గించింది. కేంద్రం వాటా ఎనభై ఏళ్ళలోపువారికి 200 రూపాయలు, ఎనభై నిండినవారికి 500 రూపాయలు. మిగిలిన మొత్తాన్ని రాష్ట్రాలు కలుపుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఇది 200 రూపాయలైంది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ 2014లోనే దానిని 1,000 రూపాయలు చేశాయి. తెలంగాణ 'ఆసరా' పేరుతో ఇచ్చిన ఈ పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అంచెలంచెలుగా పెరుగుతూ 2024 జూలైలో 4,000 రూపాయలకు చేరింది. ప్రభుత్వాలతోపాటు పథకాల పేర్లు మారుతుంటాయి. ముసలివారు మాత్రం అన్నిటినీ కలిపి 'పింఛను' అనే అంటారు. అదే మేలు.

ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తును 2019 అక్టోబరులో ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయంలో ఇవ్వాలి. అక్కడి సంక్షేమ, విద్యా సహాయకుడు దానిని స్వీకరిస్తాడు. తెలంగాణలో గ్రామ పంచాయతీ కార్యదర్శిని, మండల పరిషత్ కార్యాలయాన్ని, పట్టణాలలో పురపాలక కార్యాలయాన్ని సంప్రదించాలి. కొత్త పింఛన్ల మంజూరు ప్రభుత్వం నిర్ణయించిన సమయాలలోనే జరుగుతుంది కాబట్టి దరఖాస్తు ఇచ్చిన మరునెల నుంచే డబ్బు వస్తుందని ఆశ పెట్టడం ఆ ముసలివారికి మేలు చేయదు.

దరఖాస్తు తిరస్కారమైతే కారణం అడిగి తెలుసుకోవాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. కారణాలు తరచు చిన్నవిగా ఉంటాయి. ఆధార్ కార్డులో వయస్సు తప్పుగా పడి ఉంటుంది. పుట్టినతేదీ తెలియని తరం వారిది. కార్డు తీసిన రోజున ఎదుట కూర్చున్న కుర్రవాడు ముఖం చూసి వేసిన అంకె వారి వయస్సైపోయింది. కొన్నిసార్లు ఒకే విద్యుత్ మీటరు మీద రెండు మూడు కుటుంబాలు ఉంటాయి. మీటరు ముసలివారి పేర ఉంటే, అందరూ వాడిన కరెంటు వారి ఖాతాలో పడి, లెక్కల్లో వారు సంపన్నులవుతారు. రేషను కార్డులో ఉద్యోగం చేసే కొడుకు పేరు ఇంకా తీసివేయకపోవడం మరొక కారణం. వీటిలో ఏ ఒక్కటీ సరిదిద్దలేనిది కాదు. ఏది అడ్డం పడిందో తెలిస్తేనే దేనిని సరిదిద్దాలో తెలుస్తుంది.

మంజూరైన తర్వాత కూడా ఒక చిక్కు ఉంది. జీవితమంతా కలుపు తీసి, మిరపకాయలు కోసి, అంట్లు తోమిన వేళ్ళ మీద ముద్రలు మిగలవు. యంత్రం ఆ వేలిని గుర్తించదు. కష్టపడి పనిచేసినందుకే ఒక మనిషి తాను తానే అని రుజువు చేసుకోలేకపోవడం కన్నా విషాదం ఏముంటుంది? ఇందుకు కనుపాప ద్వారా, ముఖం ద్వారా గుర్తించే ప్రత్యామ్నాయ పద్ధతులు ఏర్పడ్డాయి. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపితే, మరొక పద్ధతిలో గుర్తించమని అడగవచ్చు. నడవలేనివారి ఇంటికే సిబ్బంది రావాలని కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఇంటివద్దనే ఇచ్చే పద్ధతి వచ్చాక మంచం పట్టినవారికి పెద్ద ఊరట కలిగింది.

వైద్యం విషయంలో తెలుగు ప్రాంతానికి మంచి చరిత్రే ఉంది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఖరీదైన శస్త్రచికిత్సలను పేదల అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా కొనసాగుతున్నది. ఈ పథకంలో చేరిన ప్రతి ఆసుపత్రిలోనూ రోగులకు దారి చూపే సహాయకుడు ఉంటాడు. పెద్ద ఆసుపత్రిలో అడుగుపెట్టిన పల్లెటూరి ముసలివారు డాక్టరు గది కన్నా ముందు వెతకవలసింది ఆ సహాయకుని బల్లను. 2024 అక్టోబరు 29న కేంద్రం డెబ్బై ఏళ్ళు నిండిన అందరికీ ఆయుష్మాన్ వయవందన కార్డును ప్రవేశపెట్టింది. దీనికి ఆదాయంతో నిమిత్తం లేదు; ఆధార్‌లోని వయస్సే ప్రమాణం. కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స ఉచితం. ఆసుపత్రిలో చేరకుండా రోజూ మింగే రక్తపోటు, మధుమేహం మాత్రలకు ఈ కార్డు పనికిరాదు. వాటిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా తీసుకోవచ్చు.

మన కథలోని ముదుసలి కంటి శుక్లాలకు ఇంత పెద్ద కార్డుతో కూడా పని లేదు. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచి ఉంది. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో శుక్లాల శస్త్రచికిత్స ఉచితంగా చేస్తారు. హైదరాబాదులో 1987లో సేవలు ఆరంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటివి పల్లెలలో దృష్టికేంద్రాలు నెలకొల్పి, చెల్లించలేనివారికి ఉచితంగా చికిత్స చేస్తున్నాయి. శుక్లాల వల్ల పోయిన చూపు చాలామందికి చిన్న శస్త్రచికిత్సతో తిరిగి వస్తుంది. కౌశికుని తల్లిదండ్రులకు లేని అదృష్టమిది. అయినా ఈ వయస్సులో కళ్ళు కనిపించి ఏం చేయాలని వాయిదా వేసేవారే ఎక్కువ. కళ్ళు కనిపిస్తే గడపలో కాలు తట్టి పడరు, తుంటి ఎముక విరగదు, ఏ మాత్ర మింగుతున్నారో తెలుస్తుంది. ఈ మాట వారికి నచ్చజెప్పడం వైద్యుని కన్నా మనుమరాలికే బాగా చేతనవుతుంది.

చేతికర్ర, నడకకు ఆసరా ఇచ్చే చట్రం, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు, కళ్ళజోడు, చక్రాల కుర్చీ వంటివి పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన. దేశవ్యాప్తమైన ఈ పథకం 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే ఆరంభమైంది. శిబిరాలు పెట్టి, ఎవరికి ఏది అవసరమో పరీక్షించి, తర్వాత పరికరాలు పంపిణీ చేస్తారు. శిబిరం ఎప్పుడో వయోవృద్ధుల సంక్షేమ వ్యవహారాలు చూసే జిల్లా కార్యాలయంలో కనుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ శాఖ విభిన్న ప్రతిభావంతుల సంక్షేమంతో కలిసి ఉంది. తెలంగాణ జిల్లాలలో మహిళా, శిశు సంక్షేమంతో కలిసి ఉంటుంది. వృద్ధుల పేరుతో విడిగా బోర్డు కనిపించక తిరిగిపోయినవారు లేకపోలేదు.

ఇన్ని గుమ్మాలు గుర్తుంచుకోవడం కష్టమైతే, ఒక సంఖ్యను గుర్తుంచుకోవచ్చు. 14567 దేశమంతటికీ వర్తించే వృద్ధుల సహాయవాణి. 2021లో జాతీయ స్థాయిలో దీనిని ప్రారంభించారు. ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు పనిచేస్తుంది. పిలుపుకు డబ్బు పడదు. పింఛను, వైద్యం, చట్టం గురించిన సమాచారం చెబుతారు. ఇంట్లో కొడుతున్నారన్నా, వీధిలో దిక్కులేక పడి ఉన్నారన్నా స్థానిక సిబ్బంది కదులుతారు. వృద్ధులే మాట్లాడాలన్న నియమం లేదు. చూసినవారెవరైనా ఫోను చేయవచ్చు. అత్యవసర వైద్యానికి మాత్రం 2005లో మన రాష్ట్రంలో మొదలై ఇప్పుడు అందరి నోటా ఉన్న 108 ఉండనే ఉంది.

పింఛను, వైద్యం ప్రభుత్వం ఇచ్చేవి. కన్నబిడ్డలు ఇవ్వవలసినదాని మాట వేరు. 2007 నాటి చట్టం ముఖ్యంగా దానికోసమే వచ్చింది. తన సంపాదనతోగాని, ఆస్తితోగాని బతకలేని తల్లిదండ్రులు తమ సంతానం నుంచి పోషణభృతి కోరవచ్చు. కొడుకులు, కూతుళ్ళు, యుక్తవయస్సు వచ్చిన మనుమలు, మనుమరాళ్ళు ఈ బాధ్యత కిందికి వస్తారు. సంతానం లేనివారైతే, వారి ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువులను అడగవచ్చు. కూతురిని కూడా చేర్చడం ఈ చట్టంలోని గొప్ప విషయం. ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అన్న న్యాయానికి ఇది రెండవ పార్శ్వం.

దరఖాస్తును రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. కొడుకు హైదరాబాదులో ఉన్నాడని తల్లి అక్కడికి పోనవసరం లేదు. తానున్న డివిజనులోనే ఇవ్వవచ్చు. తాను వెళ్ళలేకపోతే మరొకరికి అధికారమిచ్చి పంపవచ్చు. ట్రిబ్యునల్ తనంత తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు. న్యాయవాది అవసరం లేకుండానే విచారణ జరిగేలా చట్టాన్ని రూపొందించారు. ఆమె కోరితే సంక్షేమాధికారి ఆమె తరఫున నిలబడతాడు. ముందుగా రాజీ ప్రయత్నం జరగవచ్చు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజులలో తేల్చాలి. ప్రత్యేక కారణం ఉంటే మరొక 30 రోజులు పొడిగించవచ్చు. ఈలోగా మధ్యంతర భృతి ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉంది. చట్టం ప్రకారం భృతి నెలకు 10,000 రూపాయలకు మించరాదు. ఉత్తర్వును పాటించకపోతే నెల రోజుల వరకు జైలు విధించవచ్చు. వృద్ధులను ఎక్కడైనా వదిలివేసి పోతే మూడు నెలల వరకు జైలుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు. నగరంలో బంధువులను చూపిస్తామని తీసుకొనివచ్చి బస్టాండులో వదిలిపోయే వార్తలు పత్రికలలో చదివినప్పుడు ఆ శిక్ష చాలా చిన్నదనిపిస్తుంది.

ఇక ఆ ఎకరం పొలం మాట. ఆదిపర్వంలో యయాతి తన ముదిమిని తీసుకొనమని కొడుకులను అడిగాడు. నలుగురు కాదన్నారు. పూరువు ఒక్కడే అంగీకరించాడు. రాజ్యం చివరకు పూరువుకే దక్కింది. యయాతి కోరిక న్యాయమైనదా అన్నది వేరే చర్చ. ముదిమిని ఎవరు మోస్తారో తెలుసుకొన్న తర్వాతనే అతడు రాజ్యం ఇచ్చాడన్నది మాత్రం నిజం. నేటి తల్లిదండ్రులు ఈ వరుసను తలక్రిందులు చేశారు. ముందు రాజ్యం రాసిచ్చి, తర్వాత ముదిమిని తీసుకొనమంటున్నారు.

చట్టంలోని 23వ సెక్షను ఇటువంటివారి కోసమే. కనీస వసతులు, అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండి, పుచ్చుకొన్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీ మోసంతోనో, బలవంతంతోనో జరిగినట్లు భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఇందులో 'షరతు' అన్న మాటే కీలకం. సాధారణంగా దస్తావేజు లేఖరులు దానపత్రంలో ప్రేమాభిమానాలతో ఇస్తున్నట్లు రాస్తారు. చూసుకోవాలన్న మాట రాయరు. కన్నకొడుకు దగ్గర షరతేమిటని తల్లికీ సంకోచం. షరతు ఉన్నట్లు రుజువు కాకపోతే ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2025 జనవరి 2న ఇచ్చిన మరొక తీర్పులో, వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని పేర్కొన్నది. ఆ రెండవ వ్యాజ్యం మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లిది. దానపత్రంతోపాటు, తల్లిని జీవితాంతం చూసుకొంటానని కొడుకు రాసిన విడి కాగితాన్ని ఆమె చూపగలిగింది. కింది అధికారులు దానాన్ని రద్దు చేశారు. హైకోర్టు ధర్మాసనం కాదన్నది. సుప్రీంకోర్టు తల్లి పక్షాన నిలిచింది. ఒక్క కాగితం ముక్క ఆమె ఇంటిని ఆమెకు తిరిగి తెచ్చిపెట్టింది.

కాబట్టి మన కథలోని ముదుసలి విషయంలో పక్కింటి అమ్మాయి మొదట చేయవలసిన పని ఆ దానపత్రం నకలు సంపాదించి చదవడం. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు ఇస్తారు. షరతు అందులో ఉంటే దారి సుగమం. లేకపోతే, రాసిచ్చిన నాటి మాటలకు సాక్షులెవరో, పెద్దమనుషుల సమక్షంలో రాసుకొన్న కాగితం ఏదైనా ఉందేమో వెతకాలి. ఏదీ దొరకకపోయినా పోషణభృతి కోరే హక్కుకు భంగం లేదు. ఆస్తి రాసిచ్చినా, రాసివ్వకపోయినా ఇద్దరు కొడుకులూ బాధ్యులే. పొలం ఎవరిదన్న వాదం ఆ ఇద్దరి మధ్యది. తల్లి అన్నం ఆ వాదం తేలేదాకా ఆగదు. చట్టపరమైన సలహా కావాలంటే 1987 నాటి చట్టం కింద ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. దాని ఫోను సంఖ్య 15100.

కొడుకుల మీద ఫిర్యాదు అనేసరికి చాలామంది తల్లులు వెనుకంజ వేస్తారు. తన పిల్లలను ఊరిముందు నిలబెట్టడం ఇష్టం లేక పస్తులుండేవారున్నారు. ఆ మనసును తేలికగా తీసివేయడానికి లేదు. వద్దన్న తల్లి చేత బలవంతంగా వేలిముద్ర వేయించడం సహాయం అనిపించుకోదు. ట్రిబ్యునల్‌కు ముందు రాజీ అనే మెట్టు ఉందనీ, నోటీసు అందగానే దారికి వచ్చే కొడుకులూ ఉంటారనీ చెప్పి, నిర్ణయం ఆమెకే విడిచిపెట్టాలి.

ఎవరూ లేనివారికి ప్రతి జిల్లాలోనూ కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు ఉండాలని 19వ సెక్షను చెబుతున్నది. ఆచరణ ఆ మాటకు ఇంకా దూరంగానే ఉంది. స్వచ్ఛంద సంస్థలు ఆ లోటును కొంత తీరుస్తున్నాయి. ఆశ్రమంలో చేర్చబోయే ముందు అది నమోదైన సంస్థేనా, వైద్యుడు వస్తాడా అన్నవి అడగడం కన్నా, అక్కడున్న ముసలివారితో అరగంట కూర్చొని మాట్లాడటం మేలు. కంచంలో ఏముందో వారికన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

వృద్ధుల చుట్టూ మరొక రకం మనుషులు కూడా చేరుతున్నారు. పింఛను ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారు, బ్యాంకునుంచి ఫోను చేస్తున్నామని ఓటీపీ అడిగేవారు ఈ కోవలోనివారే. పింఛను దరఖాస్తుకు దళారీ అక్కరలేదు. ఓటీపీని ఏ బ్యాంకూ ఫోనులో అడగదు. సైబర్ మోసం జరిగిన వెంటనే 1930కి ఫోను చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంది.

అర్జీ రాయడం ఈ వయస్సు విద్యార్థులకు పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. ముసలివారి విషయంలో అది వేరు. తేదీ, పూర్తి చిరునామా, ఆధార్ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలు, కోరుతున్నదేమిటో ఒక్క వాక్యంలో స్పష్టంగా ఉండాలి. కష్టాలన్నీ ఏకరువు పెట్టిన నాలుగు పుటల అర్జీని చదివే తీరిక అధికారికి ఉండదు. రెండు ప్రతులు రాయాలి. ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండవదానిమీద ముద్ర, సంతకం తీసుకోవాలి. కింది కార్యాలయంలో పని జరగకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో ఆ రెండవ ప్రతిని చూపించవచ్చు. తెలంగాణలో దానిని ప్రజావాణి అంటారు. అక్కడ ఇచ్చే రసీదు మీద ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ముసలమ్మ కొంగున ముడివేసుకొన్న చీటీ మీదా, పక్కింటి అమ్మాయి నోటుపుస్తకం అట్ట మీదా రాసి ఉంచుకోవాలి; రెండింటిలో ఒకటి తప్పక పోతుంది.

అభ్యాసం

1. కౌశికుని కథలో లేని ప్రశ్న ఏది? దానికి రాజ్యాంగం, చట్టం ఏ విధంగా సమాధానం చెప్పాయి?

2. పింఛను దరఖాస్తులు తిరస్కారం కావడానికి పాఠంలో చెప్పిన కారణాలను మీ ఊరి అనుభవంతో పోల్చి రాయండి.

3. యయాతి కథకూ, 23వ సెక్షనుకూ గల సంబంధాన్ని వివరించండి.

4. మీ వీధిలోని ఒక వృద్ధురాలి పక్షాన, ఆమెను అడిగి తెలుసుకొని, ఆమెకు రావలసిన ఒక సహాయం కోసం అర్జీ రాయండి. ఆమె సమ్మతిస్తే దానిని సంబంధిత కార్యాలయంలో అందజేసి రసీదు తీసుకోండి.